‘దింపు’ అనే ఒక లైను

ఎండకారు 12వ రోజు

ఈ రోజు గేటు ముందు వరుసలో నలుగురు పడిపోయారు. ఇద్దరు లేచారు.

గేటు పొద్దున ఆరు నుంచి పది దాకా తెరిచి ఉంటుంది. పది దాటితే పైన నేల మీద చెప్పులు లేకుండా అడుగు పెట్టలేం. ఇంకో గంటకు చెప్పులున్నా పెట్టలేం. ఆ నాలుగు గంటల్లో ఎంతమంది పేర్లు ఫైల్లోకి ఎక్కితే అంతమంది బొగ్గు బాయిలోకి, అంటే గనిలోకి, దిగుతారు. మిగిలినవాళ్లు మర్నాటి పొద్దు దాకా రేకుల కింద పడి ఉండాలి. ఒక్క మనిషి పేరు ఎక్కడానికి పదకొండు నిమిషాలు పడుతోంది.

నా పేరు దుర్గం సువర్ణ. ఏటవాలుగా దిగే ఈ గని, ఏడో ఇంక్లైన్‌లో ఫైలు గది నాది. బొగ్గు తవ్వడం ఎప్పుడో ఆగిపోయిన ఈ గ్యాలరీ సొరంగాల్లో ఇప్పుడు నాలుగు వేల మందిమి బతుకుతున్నాం. ఎవరి బొటనవేలికి ఏ తలుపు తెరుచుకోవాలో, ఎవరి గిన్నెలో ఎంత గంజి పోయాలో ఆ ఫైలే చెబుతుంది. మా కట్టుబాటులో మొదటి మాట: ఫైల్లో ఉన్న మనిషిని పైకి పంపకూడదు. కొట్లాడినా, దొంగతనం చేసినా, మంచాన పడినా సరే. దీనికి మినహాయింపు ఒక్కటే. ఫైల్లో తప్పుడు పేరు ఎక్కించినవాడిని పంపవచ్చు.

గేటు అధికారి నర్సింగం సార్ సాయంత్రం నా గదికి వచ్చాడు.

“రోజుకు ఇరవై మంది దిగుడే గగనమైతున్నది. బాయి అడుగున సంపు గుంటల ఊటనీళ్లు మోకాళ్లు దాటినయి. తోడనీకె మనుషులు కావాలె. గా ఫైలును జర ఉరికియ్ సువర్ణమ్మా,” అన్నాడు.

పడిపోయిన నలుగురి గురించి ఏమీ అనలేదు. ఈ డైరీ కాగితం మీద రాస్తున్నాను. యంత్రంలో రాస్తే ఆయన చదువుతాడు.

ఎండకారు 14వ రోజు

రెండు రోజులు కూర్చుని ఫైలును నడిపే కోడంతా చదివాను. జాడి సమ్మయ్య కాక పక్కనే ఉన్నాడు. నాకంటే ముందు ఇరవై ఏళ్లు ఈ గది చూసినవాడు. అరవై మూడేళ్లొచ్చినా రోజూ వచ్చి డిస్కు మీద దుమ్ము తుడిచి, దాని చప్పుడు విని పోతాడు.

మా యంత్రపు భాషలో ఫైలు పనికి రెండు మాటలున్నాయి. ‘రాయి’ అంటే యంత్రం అక్షరాన్ని తన చేతిలోకి, అంటే మెమరీలోకి, తీసుకుంటుంది. ‘దింపు’ అంటే చేతిలో ఉన్నదాన్ని డిస్కు మీద పెట్టి, మళ్లీ చదివి చూసుకుని, పడిందని చెబుతుంది. కరెంటు పోతే చేతిలో ఉన్నది పోతుంది, డిస్కు మీద ఉన్నది పోదు.

పాత కోడు అక్షరానికొకసారి ‘రాయి’, అక్షరానికొకసారి ‘దింపు’ అంటోంది. ఒక మనిషి పేరు, ఊరు, వయసు, వేలిముద్ర అన్నీ కలిపితే తొమ్మిది వేల అక్షరాలు. సెకనుకు పద్నాలుగే దిగుతున్నాయి. గడప దగ్గర బస్తా విప్పి ఒక్కో గింజా లోపలికి మోసినట్టుంది.

“ఇట్ల ఎవలు రాసిండ్రు కాకా?”

“భయమున్నోడు రాసిండు.”

“మనిషినంత చేతిలకు తీసుకోని, ఆఖర్ల ఒక్కపారి దింపితె అయిపోదా?”

“అయితది. గని ఆ ఒక్కపారి మాత్రం ఉండాలె బిడ్డా.”

ఎండకారు 15వ రోజు

మార్చిన కోడు మీద నా వివరాలే పెట్టి చూశాను. యాభై సెకన్లు. పదకొండు నిమిషాలు ఎక్కడ, యాభై సెకన్లు ఎక్కడ! సమ్మయ్య కాక నవ్వాడు. ఆయన పళ్లు చూసి చాలా రోజులైంది.

నర్సింగం సార్ గడియారం పట్టుకుని వచ్చాడు. రెండోసారి చూపించమన్నాడు.

“ఏలిముద్ర తీసుకునుడు ఇరవై సెకన్లకే అయిపాయె. మరి గీ ముప్పై దేనికి?”

“డిస్కు మీద పడిందా లేదా సూసుకోనీకె సార్. డిస్కు అరిగిపోయింది, మెల్లగ చదువుతది.”

“ఎన్నడన్న పడకుండ పోయిందా?”

“లేదు సార్.”

“మరి?”

సమ్మయ్య కాక లేచి నిలబడ్డాడు. “సార్, గా ‘దింపు’ లైను తియ్యొద్దు. రాసినమని జెప్పుడు ఏరు, రాసుడు ఏరు.”

నర్సింగం సార్ ఆయన వైపు చూడలేదు. నన్నే చూశాడు. “నువ్వు జెప్పు. మనిషికి ముప్పై సెకన్లు ఉత్తపుణ్యానికి ఎండల నిలవెడ్తవా?”

లైను తీసేశాను. ఇరవై సెకన్లు వచ్చింది.

నిజం రాయాలి కదా. ఎవరూ నా చేయి పట్టుకుని తీయించలేదు. ఆ ఇరవై అంకె నాకూ చూడాలనిపించింది. అది తెర మీద పడగానే ఆకలి కూడా వేయలేదు.

ఎండకారు 16వ రోజు

ఎంతమందిని చేర్చుకోవాలో తేల్చే బాయి కమిటీ ఈ రోజు ముప్పై ఒక్క మందికి అనుమతి ఇచ్చింది. పదకొండు నిమిషాలలోపే అందరూ దిగారు. నిన్నటిదాకా ఒక్క మనిషికి పట్టిన సమయం అది. బయట ఎవరూ పడిపోలేదు. ఒక ముసలాయన నా బల్లకు దండం పెట్టాడు.

వెంకవ్వ, రాధవ్వ అని ఇద్దరు అక్కాచెల్లెళ్లు వచ్చారు. అరవైకి దగ్గర పడినవాళ్లు. చేదబావి నీళ్లు తోడి బండి మీద ఊరూరా అమ్మి బతికారట. బావి ఎండిపోయాక తొమ్మిది రోజులు నడిచి వచ్చారు. వెంకవ్వ ముద్ర వెంటనే పడింది. రాధవ్వది మూడుసార్లు పెట్టినా పడలేదు.

“తాడు గుంజి గుంజి గీతలన్ని పోయినయి మేడం. ఎడమ చేతిది సూడరాదు,” అంది.

ఎడమ బొటనవేలు పడింది.

“మా అక్క పేరెన్కనే నా పేరుంటదా?”

“ఎన్కనే ఉంటది.”

“మల్ల చెరిగిపోదు గద?”

తెర మీద ‘రాయబడింది’ అని వచ్చింది. “చెరగదు. పో అవ్వా,” అన్నాను.

ఎండకారు 19వ రోజు

మధ్యాహ్నం రెండో ఫ్యాను మోటారు వేయగానే బాయి మొత్తం కరెంటు పోయింది. ఏడు నిమిషాలకు వచ్చింది. ఇలా పోవడం కొత్తేమీ కాదు. యంత్రం దానంతటదే లేచింది. నేను గంజికి బయల్దేరాను.

గంజి గ్యాలరీ తలుపు దగ్గర గుంపు చేరింది. కొత్తవాళ్లు వేలు పెడుతుంటే ఎర్ర దీపం వెలుగుతోంది. మొదట నవ్వుకున్నారు. సంపు బురద అంటుకుందేమోనని వేళ్లు కొంగులకు తుడుచుకుని మళ్లీ పెట్టారు. రాధవ్వ నన్ను చూసి, “మేడం, నా ఏలు ఎట్లైన గింతే. గని అక్కది గూడ పడుతలేదు సూడు,” అంది.

గదికి పరుగెత్తి ఫైలు తెరిచాను. చివరి పేరు పదిహేనో రోజున ఎక్కినది.

నేను చెప్పకపోతే, చేయి నిండినప్పుడే యంత్రం దానంతటదే దింపుతుంది. ఆ ముప్పై ఒక్కరి తర్వాత గేటు తెరవలేదు. కొత్త పేర్లు రాలేదు కనుక యంత్రం చేయి నిండలేదు. నిండలేదు కనుక దింపలేదు. దింపమని నేను చెప్పలేదు. మూడు రోజులు వాళ్లు గంజి తాగారు, సంపు తోడారు, తలుపులు తీసుకున్నారు. అన్ని రోజులూ యంత్రం చేతిలోనే ఉన్నారు. ఆ చేయి ఈ మధ్యాహ్నం ఖాళీ అయింది.

ఎండకారు 20వ రోజు

పొద్దున్నే నర్సింగం సార్ దగ్గరికి వెళ్లాను.

“సార్, తప్పు నాది. ముప్పై ఒక్క పేర్లు పోయినయి. మీరు ఊఁ అంటె పది నిమిషాలల్ల మల్ల ఎక్కిస్త.”

ఆయన గంజి తాగుతున్నాడు. గిన్నె కింద పెట్టలేదు.

“కొత్త పేరు ఎక్కాల్నంటె కమిటీ ఒప్పుకోవాలె. కమిటీకి ఏమని జెప్పాలె? ఫైలు మనుషులను మర్శిపోయిందనా? రేపటిసంది గీ నాలుగు వేల మంది ఫైలును నమ్ముతరా?”

“మరి వాళ్ల సంగతి?”

“ఫైల్ల లేనోడు దొంగతనంగ దూరినోడు. కట్టుబాటు నేను రాయలే సువర్ణమ్మా.”

ఆయనే మళ్లీ అన్నాడు. “రెండు రోజులు సూద్దాం.”

నాకు గడువు ఇస్తున్నాడనుకుని చేతులు జోడించాను. తలుపు దాకా వచ్చాక వెనక నుంచి వినిపించింది, సంపు కావలివాడితో అంటున్నాడు. “ఇంక సగమే ఉన్నది. రెండు రోజులల్ల తోడిచ్చుర్రి.”

ఎండకారు 22వ రోజు

“ఫైలును అడుగకు. డిస్కునే అడుగు,” అన్నాడు సమ్మయ్య కాక. “కరెంటు పొయ్యేటప్పుడు ఆఖరు శ్వాసల యంత్రం చేతిలున్నదంత కుమ్మరించనీకె సూస్తది. ఎంత కుమ్మరిచ్చిందో సూద్దాం.”

ఫైలు అనే పేరు లేకుండా, డిస్కును మొదటి గీత నుంచి అక్షరం అక్షరం చదువుకుంటూ పోయాం. రెండు రోజులు మార్చి మార్చి కూర్చున్నాం. ఈ పొద్దున ఏడింటికి దొరికింది. ఏ ఫైలుకూ చెందని చోట ఒక పేరు, దాని వెనక ఇంకో పేరు. పన్నెండు మంది పూర్తిగా ఉన్నారు. పన్నెండో పేరు వెంకవ్వ. పదమూడో మనిషి దగ్గర పేరుంది, ఊరుంది, వయసుంది, ఎడమ బొటనవేలి ముద్ర సగం దాకా ఉంది. ఆ తర్వాత అన్నీ సున్నాలు.

నర్సింగం సార్ పన్నెండు మందినీ ఒప్పుకున్నాడు. డిస్కు మీద ఉన్నవాళ్లు ఉన్నట్టే అన్నాడు. మిగతా పందొమ్మిది మందినీ పదిన్నరకు గేటు దగ్గర నిలబెట్టారు.

“సార్, రాధవ్వది సగం ముద్ర ఉన్నది. మిగిలిన సగం గిప్పుడే తీసుకుంట. రెండు నిమిషాలు,” అన్నాను.

అది విని రాధవ్వ తనంతట తానే ఎడమ చేయి బల్ల మీద పెట్టింది.

“రాయి,” అన్నాడు నర్సింగం సార్. “గని మల్ల ఎక్కియ్యనీకె కమిటీ ఒప్పుకోని పేరు అది. తప్పుడు పేరు కింద లెక్క. నీ బొటనేలు పెట్టి రాయి. ఎన్క నువ్వెటు పోతవో నీకెరికే.”

ఆమె చేయి బల్ల మీదే ఉంది. గోళ్లలో సంపు బురద. నా చేతులు ఒళ్లోనే ఉండిపోయాయి. కొంతసేపటికి ఆమె చేయి తీసుకుంది.

అక్కాచెల్లెళ్లు చేతులు పట్టుకుని ఉన్నారు. కావలివాడు వెంకవ్వను లోపలి తలుపు వైపు లాగాడు. “నీది పడుతది, పెట్టు,” అన్నాడు. ఆమె వేలు పెట్టింది. పచ్చ దీపం వెలిగింది.

“అక్కా, నువ్వన్న జెప్పరాదు వీళ్లకు,” అంది రాధవ్వ.

వెంకవ్వ మమ్మల్నందరినీ ఒక్కొక్కరినీ చూసింది. నన్ను కూడా చూసింది. చెల్లెలి చేయి విడిచిపెట్టి లోపలికి నడిచింది. తలుపు మూసుకుంది.

పందొమ్మిది మంది పైకి వెళ్లారు. మెట్లెక్కుతూ ఒకాయన తన కండువా తడిపి ఇవ్వమని అడిగాడు. ఎవరూ తడపలేదు.

ఎండకారు 25వ రోజు

నర్సింగం సార్ పిలిచి కూర్చోమన్నాడు. ఆయన నన్ను కూర్చోమనడం ఇదే మొదటిసారి.

“యంత్రం మనుషులను చేతిల ఎన్ని దినాలు పట్టుకోగలుగుతది? ఇరవై దినాలు?”

ఎందుకడుగుతున్నాడో వెంటనే అర్థమైంది. సంపులోకి మళ్లీ ఊట దిగింది, ఈసారి తోడటానికి ఇరవై రోజులు పడుతుంది. ఆ తర్వాత ఆ మనుషులకు గంజి దండగ. ఫైల్లో ఉంటే పంపలేరు. ఫైల్లో ఉన్నామనుకుని పనిచేసి, కరెంటు పోగానే లేకుండా పోతే పంపవచ్చు.

“ఉంటరు సార్,” అన్నాను.

“ఆఖర్ల కుమ్మరించుడు గూడ బంద్ జెయ్.”

“సరే సార్.”

ఆ జవాబులు నా నోట్లోంచే వచ్చాయి.

ఎండకారు 27వ రోజు

నలభై మంది దిగారు. గేటు తెరవకముందే ‘దింపు’ లైను మళ్లీ పెట్టేశాను. మనిషి లేచి వెళ్లి, ఇంకో మనిషి వచ్చి కూర్చుని, చెమట తుడుచుకుని, పేరూ ఊరూ చెబుతుండగా ముందు మనిషి డిస్కు మీదికి దిగుతున్నాడు. ఇరవై సెకన్లు అలాగే ఉంది. ఆ ముప్పై సెకన్లు ఎవరి కంటా పడలేదు. పదిహేనో రోజున ఇంత చిన్న సంగతి నాకెందుకు తట్టలేదు? తట్టలేదు, అంతే. వెతకలేదు కూడా.

నలభై మందిలో ఒకామె ముద్ర పెడుతూ చెప్పింది. “బయట ఫ్యాను గాలి ఒచ్చే బొక్క కాడ ఒక ఆడామె సచ్చి ఉన్నది మేడం. అండ్లకెల్లి సల్లగాలి ఒస్తదనుకున్నదో ఏమో. ముఖం బొక్కల వెట్టి పన్నది. ఉత్త ఉడుకు గాలి గద అది.”

“మనిషెట్లున్నది?”

“ఏం గుర్తువట్టొస్తది మేడం. చేతులకు మాత్రం తాడు కాయలున్నయి.”

తర్వాతి మనిషిని రమ్మన్నాను.

ఎండకారు 47వ రోజు

సంపు అడుగు కనిపించింది. నర్సింగం సార్ పన్నెండింటికి స్విచ్ గది దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు. కరెంటు పోయింది. ఏడు నిమిషాలకు వచ్చింది.

గంజి తలుపు దగ్గర కావలివాళ్లు నలుగురు కర్రలతో సిద్ధంగా ఉన్నారు. మొదటివాడు వేలు పెట్టాడు, పచ్చ. రెండోవాడికి పచ్చ. నలభై మందీ ఒకరి వెనక ఒకరు గిన్నెలు పట్టుకుని లోపలికి పోయారు. నర్సింగం సార్ చివరి మనిషి దాకా లెక్కపెట్టి, తర్వాత నా వైపు తిరిగాడు. ఆ నలభై మందికి ఏం జరగబోయిందో తెలియదు. గంజిలో ఉప్పు తక్కువైందని వాళ్లలో వాళ్లు గొణుక్కుంటున్నారు.

ఎండకారు 48వ రోజు

“నేను జేసింది తప్పుడు నమోదు కాదు సార్. కమిటీ ఒప్పుకున్న పేర్లే,” అన్నాను.

“అవును. నిన్ను పైకి పంపరాదు,” అన్నాడు. “సంపుల దిగు.”

గది తాళం సమ్మయ్య కాక చేతికిచ్చారు. సాయంత్రం ఆయన నన్ను వెతుక్కుంటూ వచ్చాడు. కింద చూస్తూ నిలబడ్డాడు.

“లైను తీసిన బిడ్డా.”

సంజాయిషీ కూడా ఆయనే చెప్పాడు.

“తియ్యకపోతె నన్ను గూడ సంపుల దింపుతనన్నడు. నాకు నడుము లేదు. రెండు దినాలు గూడ బతుక.”

“ఎల్లుండి గేటు తెరుస్తరా?”

“తెరుస్తరు. యాభై మందికి.”

ఆయనను తిట్టాలని నోరు తెరిచాను. బల్ల మీద చేయి పెట్టిన మనిషి పేరు రెండు నిమిషాల్లో రాయగలిగీ రాయనిదాన్ని నేను. మూసుకున్నాను.

ఎండకారు 53వ రోజు

సంపులో నీళ్లు మళ్లీ ఊరాయి, బకెట్లు చేతులు మారుతూ పైకి పోతాయి. వరుసలో నా తర్వాతి మనిషి వెంకవ్వ. నాలుగు రోజులు ఆమెకు బకెట్లు అందించాను. ఈ రోజు మధ్యాహ్నం గంజి దగ్గర అన్నీ చెప్పేశాను. లైను సంగతి, దాన్ని నేనే తీసిన సంగతి, ఫ్యాను బొక్క దగ్గరి శవం సంగతి.

ఆమె గంజి పూర్తిగా తాగింది. గిన్నె కడుక్కుంది.

“ఆ దినం నేను అందరి ముఖాలు సూసిన,” అంది. “దానెంబడి పో అని ఎవలన్న అంటరేమో అని. ఒక్కలన్న అంటె పోతుంటి. ఎవ్వలనలే. నువ్వు గూడ అనలే.”

లేచి కావలివాడి దగ్గరికి వెళ్లి ఏదో అడిగింది. గంజి తర్వాత ఆమె వరుస చివరకు మారిపోయింది. నాకూ ఆమెకూ మధ్య ఇప్పుడు ఇరవై మంది.

ఆమె చోట ఒక మనిషిని నిలబెట్టారు. ముప్పై ఏళ్లుంటాయి. ఆ నలభై మందిలో వాడు. తెర వెనక కూర్చుని ముద్ర తీసుకున్న మనిషి ముఖం వాడికి గుర్తు లేదు. నేను సంపు పనికి కొత్త. బకెట్ బరువు, అడుగున జారుడు.

“ఓ అవ్వా, జర జల్ది జల్ది అందియ్. నీతోని మా అందరి పని ఆగుతున్నది,” అని కసురుకున్నాడు.

తొందర తొందరగా అందించాను.